కెమెరా వైపు చూడొద్దన్న మాట

ముందే చెబుతున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మా అక్క గురించి టీవీలో తప్పు చెప్పారు, అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

అక్క అంటే సొంత అక్క కాదు. రహమత్ నగర్‌లో మా పక్కింటామె. ఈమధ్యే ఎంపీగా గెలిచింది. మేమిద్దరం ఏళ్ళ తరబడి సినిమాల్లో గుంపులో నిలబడే పని చేశాం. పెళ్ళి సీనైతే చుట్టాలం, సభ సీనైతే జనం. పొద్దున్నే ఫిల్మ్ నగర్‌లో బస్సెక్కించేవాళ్ళు. అక్కడ మమ్మల్ని పేరుతో ఎవరూ పిలవరు, కట్టిన చీర రంగుతో పిలుస్తారు.

"ఏయ్ పచ్చ చీరా, కెమెరా వైపు చూడకమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?"

మాకు మొదటి రూలు అదే. చూస్తే షాట్ మళ్ళీ తీయాలి, మర్నాడు మమ్మల్ని పిలవరు.

ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి చోటు ఉండేది కాదు. బస్సు వెనక ఒకరు చీర అడ్డం పట్టుకుంటే ఇంకొకరు మార్చుకోవాలి. ఎక్కువసార్లు నేనే పట్టుకునేదాన్ని. ఒక పెళ్ళి సీను రోజు అక్క ఆ చీర వెనక నుంచే మేనేజర్‌తో అంది, "సార్, మాకు గది ఇచ్చేదాక మీ పెండ్లికి చుట్టాలు రారు."

గది ఇచ్చారు. తర్వాత ఆడవాళ్ళమంతా కలిసి ఆమెను మా యూనియన్ ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించాం. ఆపైన కార్పొరేటర్ అయింది. చాలా ఏళ్ళకు ఎంపీ టికెట్ వచ్చింది.

ప్రచారం కోసం జూబ్లీహిల్స్‌లో పార్టీ ఆఫీసులో వీడియో తీశారు. నేనూ వెంట వెళ్ళాను. అక్క మాట బాగానే ఉంది, చూపు మాత్రం గోడ మీదికి పోతోంది.

"మేడం, ఇటు చూడండి."

"చూస్తున్న గదయ్యా!" అంది గోడతో.

ఆరుసార్లు తీశారు. "ఇలా పక్కచూపులు చూస్తే ఓటెవరు వేస్తారండీ?" అని పార్టీ పెద్దాయన విసుక్కున్నాడు. అక్క ముఖం చిన్నబోయింది.

"ఇన్నేండ్ల భయం, గట్లెట్ల పోతదే?" అంది నాతో.

నేను వెళ్ళి కెమెరా వెనక నిలబడ్డాను. నా కొంగు రెండు చేతులతో అడ్డంగా చాపి పట్టుకున్నాను.

"అక్కా, నన్ను జూడు. బస్సెనుక ఉన్నమనుకో. మేనేజర్‌ని అడిగినవ్ గదా, గట్లనే అడుగు."

అక్కకు నవ్వొచ్చింది. నేరుగా చూసి మాట్లాడింది.

గెలిచిన మర్నాడు టీవీవాళ్ళు మా ఇంటికొచ్చారు. "ఆమె ఇంతకుముందు ఏం చేసేవారమ్మా?" అని మైకు పెట్టారు. ఇదంతా చెప్పాలనే ఉంది. కెమెరా ఎత్తగానే నా కళ్ళు వాకిట్లో నీళ్ళ డ్రమ్ము మీదికి పోయాయి. "మంచిది, శానా మంచిది" అన్నాను, అంతే. సాయంత్రం టీవీలో ఆమెను "మాజీ నటి" అన్నారు.

అక్క ఫోన్ చేసింది. "ఏందే, డ్రమ్ముతోని మాట్లాడినవ్?"

"నిన్ను నటి అన్నరు గదక్కా."

"నువ్వు జెప్పకపోతివి, వాళ్ళకెట్ల తెలుస్తది?"

నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. గది అడిగిన రోజు ఆమె కూడా ఒక చీర రంగే. ఆ సంగతి పోతే అక్కతోపాటు మేమంతా పోయినట్టే.

అందుకే నోటుబుక్కు కొనుక్కుని రాశాను. కాగితం ముందు తలెత్తి చూడాల్సిన పని లేదు. షాట్ బాగా రాకపోతే మళ్ళీ తీస్తారు, నాకు మళ్ళీ రాసే ఓపిక లేదు. తప్పులు కనిపిస్తే మన్నించి, మా అక్క ఎక్కడ నిలబడి వచ్చిందో అది మాత్రం గుర్తుంచుకోండి.