మదుం మాట

మా బావ పోయిన సంగతి నాకంటే ముందు టీ కొట్టుకు తెలిసింది. బావ వాళ్ల ఊరి మీదుగా వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు దిగుతూనే, ఏజెంటు గారు పోయారని చెప్పాడట. కొట్టులో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారట. నేనప్పుడు కూతవేటు దూరంలో గోగునార మోపులు దింపి ఎడ్లకు నీళ్లు పెడుతున్నాను. ఎవరూ నా దగ్గరికి రాలేదు. కాసేపయ్యాక నేనే కొట్టుకు వెళ్తే, టీ పోసి ఇస్తూ కొట్టు మనిషి "మంచోడు, ఎల్లిపోనాడు" అన్నాడు. ఎవరని అడిగాను. అప్పుడు తెలిసింది. నా భార్యకు సొంత అన్న. నాకు బావ. ఊరందరి తరవాత నాకు తెలిసింది.

ఏడుపు రావలసిన చోట ముందు ఉక్రోషం వచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది. ఆ వరసలోనే రాస్తున్నాను.

రాయమన్నది మా గ్రంథాలయం పంతులు గారు. చేతిరాత పత్రికలో బావ గురించి నాలుగు ముక్కలు ఉండాలన్నారు. నాకు మాటలు రావండీ అన్నాను. రాయడానికి నోటితో పనేముంది అన్నారు. మాట్లాడ్డానికి బావా, రాయడానికి నేనూ. ఇలాగైనా ఒకటి నా వంతుకు వచ్చింది.

పొందూరు రోడ్డు వెళ్లి ట్రంకు రోడ్డులో కలిసే మలుపు మా ప్రపంచం. అక్కడ బస్సు ఆగుతుంది. టీ కొట్టు ఉంది. దాని పక్కన పెట్రోలు బంకు. బావ అక్కడ బస్సు ఏజెంటు. టిక్కెట్టు రాసేవాడు, ఈల వేసేవాడు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చే మొదటి బస్సు మీద పేపరు కట్ట దిగేది. దాని తాడు విప్పే హక్కు బావది. లోకంలో ఏం జరిగినా మా మలుపులో మొదట తెలిసేది ఆయనకే. ఆయన చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కండువా దులిపి భుజాన వేసుకున్నాడంటే కొట్టులో మాటలు ఆగిపోయేవి. నేను నలభై ఏళ్లు ఆ మలుపు మీదుగా బండి తోలాను. నాకోసం ఒక్క మాట ఆగలేదు.

ఆ రోజుల్లో కొట్టులో మాటంతా పెట్రోలు గురించే. బస్సు డీజిలుతో నడిచినా మావాళ్లకు అది పెట్రోలే. బంకు మనిషి పలక మీద పాత ధర తుడిచి, సుద్దముక్కతో కొత్తది రాశాడంటే చాలు, ఆ పూట టీలు రెండింతలు అమ్ముడయ్యేవి. బెల్లం షావుకారు గారిది పాలక పక్షం. ఎక్కడో యుద్ధం వచ్చింది, సర్కారు ఏం చేస్తుంది అనేవారు. హైస్కూలు మాస్టారిది ఎర్రజెండా. దేశం కాని దేశపు కంపెనీలు మన నెత్తురు తాగుతున్నాయి అనేవారు. రూపాయి విలువ తగ్గించిన ఏడు వాళ్లిద్దరూ బల్ల మీద గుద్దితే గ్లాసులు దొర్లిపోయాయి. బావ మాత్రం ఇద్దరి మాటా పూర్తిగా వినేవాడు. "పేపరు సదివినోడు ముందు నోరు మూసుకోవాలి. అవతలోడి ఎర్రితనం అప్పుడే పూర్తిగా బయటికొస్తాది" అనేవాడు. ఇంకో మాట కూడా ఉండేది: "ధర పెరగడానికి నూరు కారణాలు. తగ్గడానికి ఒకటే. ఎలచ్చను."

నాకు ఆ మాటలు బాగుండేవి. బాగున్నందుకే కడుపు మండేది.

ఒకసారి ధర పెరిగినప్పుడు నేనూ బండి కిరాయి కాస్త పెంచాను. షావుకారు బెల్లం తోలేది నేనే. ఆయన వెళ్లి ఆ సంగతి కొట్టులో పెట్టాడు. బావ నన్ను పిలిచాడు.

"ఏటి బావా, కిరాయి పెంచినావట?"

"ఆఁ. పెట్రోలు పెరిగింది గదా" అన్నాను.

"నీ ఎడ్లు ఎప్పట్నుంచి పెట్రోలు తాగుతన్నాయి?"

కొట్టు కొట్టంతా నవ్వింది. షావుకారు టీ ఒలకబోసుకున్నాడు. నేను తల వంచుకుని బండి ఎక్కాను. మూడు మైళ్లు పోయాక జవాబు దొరికింది. ఎడ్లు తవుడు తింటాయి, తవుడు మిల్లు నుంచి లారీ మీద వస్తుంది, లారీ పెట్రోలు తాగుతుంది. మంచి జవాబు. అక్కడ ఎడ్లు తప్ప ఎవరూ లేరు. వాటికే చెప్పాను. నా జవాబులన్నీ అవే విన్నాయి.

ఇంటికి వచ్చేసరికి ఆ నవ్వు నాకంటే ముందు వచ్చేసింది. నా భార్య అన్నం వడ్డిస్తూ మూతి బిగించుకుంది. "మా అన్నయ్య ఉన్న మాటే గదా అన్నాడు" అంది. ఇంట్లో ఏ మాటకైనా చివర వాళ్ల అన్నయ్యే ఉండేవాడు. ఏ పంట వేయాలి, ఏ సంబంధం చూడాలి, వాన వస్తుందా రాదా. నేను ఒకటి చెపితే ఆవిడ కూరలో ఉప్పు చూసుకునేది. అదే మాట అన్నయ్య చెపితే గరిటె కింద పెట్టేది. నాకు కావలసింది పెద్దదేం కాదు. నా మాటకు ఒకసారి ఆ గరిటె కింద పెడితే చాలు.

ఇక మదుం సంగతి. రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే ముందు బావ పేపరులో చదివాడు. అరబ్బుల దేశం వైపు యుద్ధం వచ్చి ఓడలు పోయే కాలవ మూసేశారట, ఓడలు చుట్టూ తిరిగి రావాలట, నూనె ధర పెరుగుతుందట. షావుకారు "నే సెప్పలేదా, యుద్ధం అని" అన్నాడు. మాస్టారు "కాలవ ఒంక దొరికింది కంపినీలకి" అన్నాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

మాకు కాలవ అంటే పొలాల్లో పారే కాలవ. దాని నుంచి చేలోకి నీళ్లు వదిలే తూమును మదుం అంటాం. దానికో చెక్క పలక ఉంటుంది. ఎత్తితే నీళ్లు, దించితే లేవు. పై ఊరివాళ్లు పలక దించేస్తే కింద మా నారుమళ్లు నెర్రెలిచ్చేవి. అప్పుడు నలుగురం వెళ్లి మాట్లాడుకుని పలక ఎత్తించుకునేవాళ్లం. బావ చదువుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ పలకే ఉంది. నోరు ఎలా తెరుచుకుందో తెలియదు.

"మదుం కాడికి ఎవల్నైనా పంపిత్తే పలక ఎత్తించొచ్చు గదా?" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత షావుకారు కడుపు పట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి తగలెయ్య! పెట్రోలు కాలవలో పారుతాదనుకున్నావేటిరా? డబ్బా పట్టుకుని మదుం కాడ కూకుంటావేటి?" మాస్టారు కూడా నవ్వాడు. ఏ సంగతిలోనూ కలవని ఇద్దరూ నా దగ్గర కలిశారు.

బావ నవ్వలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టాడు.

"నవ్వకండి" అన్నాడు. "బావ అన్నదాంట్లో తప్పేటుంది? కాలవలో నీరు తగ్గిందనుకో. పై రైతు వాన్లేదంటాడు. కింద రైతు పైవోడు దొంగిలించినాడంటాడు. కాలవ కాసే లస్కరు గట్టు తెగిందంటాడు. ముగ్గురూ నిజమే సెప్తారు. అవునా? కానీ పలక ఎవడి సేతిలో ఉన్నాదో ఆడి సేను మాత్రం ఏ ఏడూ ఎండదు. షావుకారూ, నువ్వు యుద్ధం అంటావు. మాస్టారూ, నువ్వు కంపినీ అంటావు. అన్నీ ఉన్నాయి. ధర పెరిగిన రోజున ఎవడి సేను తడిగా ఉన్నాదో సూడండి. కారణం అక్కడ దొరుకుతాది."

షావుకారు కూర్చున్నాడు. మాస్టారు "ఏజెంటు గారూ, ఇది రాసుకోవలసిన మాట" అన్నాడు. కొట్టు మనిషి బావకు డబ్బు తీసుకోకుండా టీ ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు.

నన్ను నవ్వుల్లోంచి లాగి ఒడ్డున పడేసింది ఆయనే. అది నాకు ఆ రోజే తెలుసు. అయినా ఇంటికి వెళ్తూ ఎడ్లతో చెప్పింది వేరు. మదుం నాది, పలక నాది, మెప్పు ఆయనది అని చెప్పాను.

ఆ మాట బస్సులెక్కి తిరిగింది. కిరసనాయిలు దొరక్కపోతే "ఎవడి సేను తడిగా ఉన్నాదో సూడు" అనేవారు. పెళ్లిలో అలకలొచ్చినా అదే అనేవారు. ఆమదాలవలస స్టేషనులో ఎవరో ముక్కూ మొగం తెలియని మనిషి ఆ మాట అని, "మా ఏజెంటు గారి మాట" అంటే, నేను మూటలు మోస్తూ విన్నాను. ఇంట్లో నా భార్య రోజుకొకసారి అనేది. అన్నప్పుడల్లా మొహం వెలిగిపోయేది.

ఆ పై ఏడు ఒక మధ్యాహ్నం బస్సు చెడిపోయి, బావ నా బండి ఎక్కాడు. అంతదూరం మేమిద్దరమే ఉండడం అదే మొదలు. గోగు చేల మధ్య నుంచి పోతున్నాం. ఆయన మాట్లాడకపోవడం నాకు వింతగా ఉంది.

"బావా, ఆ మదుం మాట నీది" అన్నాడు ఉన్నట్టుండి. "నేను వాడుకుంటన్నాను. కావాలంటే రేపు కొట్టులో అందరి ముందూ సెప్పీసి, నీది నీకిచ్చీస్తాను."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నాకెందుకు? ఉంచుకో."

"నువ్వంటే నవ్వినారు. నేనంటే తలలూపినారు. ఎందుకో ఎరుకేనా?"

"నీకు గొంతుంది."

"గొంతు కాదు బావా. నేను సగం నమ్మిన మాటైనా పూర్తిగా నమ్మినట్టు సెప్తాను. నువ్వు పూర్తిగా నమ్మిన మాట కూడా తప్పు సేసినోడిలాగ సెప్తావు."

ఎడ్ల తోకలు చూస్తూ కూర్చున్నాను. అంత నిజం నాతో ఎవరూ చెప్పలేదు. అది కూడా ఆయనే చెప్పవలసి వచ్చిందని ఒళ్లు మండింది. దిగేటప్పుడు నా వీపు మీద ఒకసారి తట్టాడు. కిరాయి ఇవ్వబోతే నేను తీసుకోలేదు. "ఎడ్లకి తవుడు కొను, లారీ మీద వచ్చిందే" అని నవ్వాడు. నా జవాబు ఆయనకు ఎప్పుడో తెలుసు. ఆ రోజు కొట్టులో నేను చెప్పడం కోసం ఆగాడన్నమాట. ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది.

పెద్దదినం నాడు కర్మ భోజనాల్లో విస్తళ్ల ముందు షావుకారు లేచి బావ గురించి మాట్లాడాడు. మదుం మాట మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క పోలేదు, నేను తప్ప. "ఆ బుర్రకి అలాంటి మాట ఎలాగ తట్టిందో!" అన్నాడు. మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. అది నాది అనే మాట గొంతు దాకా వచ్చింది. ఉంచుకో అన్నది కూడా నేనే. మంచినీళ్లు తాగాను.

బావ వాళ్ల ఊరి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజు, ఎండ వాకిట్లో ఉండగానే, నా భార్య చోళ్లు, అదే రాగులు, చెరగడానికి కూర్చుంది. రెండుసార్లు చెరిగి చేట ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు ఆ వేళ అక్కడే ఉన్నావు గదా" అంది. "అన్నయ్య మదుం మాట ఎలాగన్నాడో ఒక్కసారి సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు."

పెళ్లయిన ఇన్నేళ్లలో చేతిలో పని ఆపి ఆవిడ నన్ను ఒక మాట చెప్పమనడం అదే మొదలు. ముందు నేనన్నాను అని మొదలుపెట్టవచ్చు. చెపితే నమ్మేదేమో కూడా. ఆవిడ కళ్లు చూశాను. అన్న గొంతు కోసం చూస్తున్నాయి.

"మీ అన్నయ్య పేపరు మడిసినాడు" అని మొదలుపెట్టాను. పై రైతు, కింద రైతు, లస్కరు అందరూ వచ్చారు. ఎక్కడా తడబడలేదు. తప్పు చేసినవాడిలా చెప్పలేదు. చివరికి వచ్చేసరికి ఇంకో మాట దానంతటదే వచ్చింది: "పలక మన సేతికొచ్చినా అంతే. ముందు మన సేనే తడుపుకుంటాం."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సివర్ది అన్నయ్య అనలేదు. నువ్వు కలిపినావు."

"అవును, అనలేదు" అన్నాను. "నువ్వు సెప్పు."

ఆవిడ చేట పక్కన పెట్టింది. నడుం నిటారుగా పెట్టి, ముక్కు ఎగబీల్చి, కుడిచెయ్యి పైకెత్తింది. చెమట తడి అరచేతి నిండా ఎర్రటి చోడిగింజలు అంటుకుని ఉన్నాయి. వాకిట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

"నవ్వకండి" అంది.

నేను గోడకు చేరబడి విన్నాను.