వాల్వుల వేళ మార్పించిన నా కారు

నరసరావుపేటలో బట్టల కొట్టు నడుపుకునే నాకు ఇంజిన్ల గురించి తెలిసిందంతా ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నదే. ఇంజిన్‌లోకి గాలి పోయే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో క్యామ్‌షాఫ్ట్ చూసుకుంటుంది. కొత్త కార్లలో ఆ వేళ వేగాన్ని బట్టి మారుతుంది. పాత కారుకూ ఆ ఏర్పాటు బిగించవచ్చని, బండి గుర్రమైపోతుందని ఒక వీడియోలో విన్నాను. హైదరాబాదులో ఒక షెడ్డు వెతికి పట్టుకుని నా ముసలి కారుకు పెట్టించుకొచ్చాను.

ఆ వారమే గురజాలలో పెళ్లి. నేనూ మా ఆవిడా ముందు, మా బావమరిది తన కారులో వెనక. అతనిదీ నాలాంటి పాత కారే, ఏ మార్పూ చేయించనిది. పైగా దాని నిండా జనం. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీ అడ్డం తగిలింది. గేరు తగ్గించే అవసరం కూడా లేదన్న ధీమాతో పక్కకు తీసి తొక్కాను. బండి దగ్గింది. ఎదురుగా బస్సు వస్తుంటే బుద్ధిగా మళ్లీ లారీ వెనక్కి చేరాను. బస్సు పోగానే బావమరిది హారన్ కొట్టి మమ్మల్నీ లారీనీ దాటేశాడు. అతని పక్కన కూర్చున్న మా అత్తగారు చెయ్యి కూడా ఊపింది.

"ఏందండీ, గుర్రమన్నారు?" అంది మా ఆవిడ.

"దీని సత్తా తక్కువ వేగంలో తెలియదే. పైకి పోయాక చూడు."

"పైకి పోయాకా? పిల్లలున్నారండీ మనకి!"

పెళ్లి భోజనాల దగ్గర బావమరిది, "బావా, బండికి ఒంట్లో బాగలేదా ఏంది? చానా నీరసంగా ఉంది," అన్నాడు.

తిరుగు దారిలో ఖాళీ రోడ్డు దొరికితే గట్టిగా తొక్కాను. ఇంజిన్ గొంతు మారింది. వీపు సీటుకు అతుక్కుంది. "చూశావా!" అని అరిచాను. ఆవిడ చూసింది నన్ను కాదు, ఎదురుగా రోడ్డు దాటుతున్న గొర్రెల మందను. బ్రేకు వేసి, గొర్రెలన్నీ దాటేదాకా వినయంగా కూర్చున్నాను.

షెడ్డుకు ఫోన్ చేస్తే, "పై వేగంలో ఎక్కువ లాగాలంటే కింది వేగంలో కొంచెం తగ్గుద్ది సార్. మీ రోడ్లకు తగ్గట్టు సెట్టింగు మారుద్దాం," అన్నారు. మార్పించాను. ఇప్పుడు కారు దగ్గడం లేదు, పరుగెత్తడమూ లేదు. ఇంచుమించు మునుపటిలాగే ఉంది. ఆ మార్పు వల్ల లాభముందా అని మా కొట్టుకు వచ్చినవాళ్లు అడిగితే, ఉందనే చెబుతున్నాను, బావమరిది ఎదురుగా లేనప్పుడు.