రాకముందే చెప్పిన సాక్ష్యం

పని లేక ఇంట్లో కూర్చున్నవాడికి దొరికినన్ని సలహాలు కలెక్టరుకు కూడా దొరకవు. ఆ రోజుల్లో నా దగ్గర బీఎడ్ పట్టా ఒకటి, ఇస్త్రీ చొక్కా ఒకటి, కోరుట్లలో ఎవరికీ లేనంత తీరిక ఉండేవి. సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చాను. అక్కడి హెడ్‌మాస్టరు నా పట్టాను పక్కకు జరిపి, "చెప్తం తియ్, పో" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని నాలుగు నెలలు బతికాను. ఫోను మోగితే చాలు, సిరిసిల్ల నుంచేనని పరుగెత్తేవాణ్ణి. తీరా చూస్తే మా చిన్నమ్మ పంపిన బైబిలు వాక్యం, గులాబీ పూల మధ్యన, ఓపిక పట్టమని. (ఉద్యోగం ఉన్నవాళ్ళకు ఓపిక గురించి ఎంత బాగా తెలుసో నాకు అప్పుడే తెలిసింది.)

మా ప్రార్థన మందిరంలో ప్రతి ఆదివారం ప్రార్థన అంశాలు చదివేవారు. నా ఉద్యోగం ఎప్పుడూ ఒక తాత మోకాళ్ళకూ, ఒక అక్క బర్రెకూ మధ్యన ఉండేది. తాత మోకాళ్ళు బాగయ్యాయి. బర్రె ఈనింది. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. బర్రె అక్క నన్ను జాలిగా చూసి, "దేవుని టైం వేరే ఉంటది తమ్మీ" అనేది. బర్రెకు లేని వేరే టైం నాకెందుకు అని అడగాలనిపించేది గానీ, అప్పటికే ఆమె పంపిన జున్ను తిని ఉన్నాను కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. అడిగింది చేతికి అందకముందే, అందిందని నిలబడి సాక్ష్యం చెప్పవచ్చు. దానికీ ఒక పద్ధతి ఉంది: ముందుగా "విశ్వాసంతో చెప్తున్న" అనాలి. అప్పుడు అది ఇంకా రాలేదని వినేవాళ్ళకు తెలిసిపోతుంది. ఒక ఆదివారం ఆ జాలి చూపులు భరించలేక నేను లేచాను. ఆ ముందుమాట వదిలేశాను. మరిచిపోయానని చాలామందికి చెప్పాను గానీ, అది అబద్ధం. కావాలనే వదిలేశాను. "దేవుడు నాకు సిరిసిల్లల నౌకరి ఇచ్చిండు" అన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? పదో తరగతికి సోషల్ చెప్పాలన్నాను, రానుపోను బస్ పాసు కూడా ఇస్తారన్నాను. (దేవుడిచ్చే ఉద్యోగానికి బస్ పాసు ఎందుకు తక్కువ చేయాలి అనుకున్నానేమో.) చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళ వైపు చాప మీద మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అది చూసి కూడా నేననే ఆ మొనగాడు సిగ్గు లేకుండా, దర్జాగా కూర్చున్నాడు.

మా అమ్మ ముప్పై ఏళ్ళు ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టింది. మా ఇల్లు నడిచింది ఆ చాట మీదే. కార్డు ఉన్నవాళ్ళకే కార్ఖానాలో ఆకు, తంబాకు ఇస్తారు. ఒకసారి కార్డు పోయిందంటే మళ్ళీ దొరకడం కలలో మాట. మంగళవారం నేను లేచేసరికి (లేచింది పదకొండింటికని వేరే చెప్పనక్కర్లేదు) చాట గోడకు ఆనించి ఉంది.

"ఏందే అమ్మా, ఆకు ఇయ్యలేదా?"

"కార్డు వాపస్ ఇచ్చిన కొడుకా. నడుము నొస్తున్నది. ఇగ నీకు నౌకరచ్చె గద, నాకెందుకు గా పని."

సాక్ష్యంలో అంత ధారాళంగా వచ్చిన మాటలు అప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చివరికి, అది విశ్వాసంతో అన్నదే గానీ వచ్చిన ఉద్యోగం కాదని నసిగాను. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నీకు నౌకరి రాలేదని దేవునికి ఎరుకనే గదరా" అంది. "మరి గా మాట ఎవలికి చెప్పినవ్?"

ఇద్దరం కార్ఖానాకు నడిచాం. అక్కడ ఆకు పంచి లెక్కలు రాసే మున్షీ మమ్మల్ని చూసి, "ఏందమ్మా, సారు తల్లివైతివి, మళ్ల గిట్లచ్చినవ్?" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. బీడీ కట్టలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ వింటుండగా నేనే నిజం చెప్పాల్సి వచ్చింది. మున్షీ నన్ను పైనుంచి కింది దాకా చూసి సొరుగు లాగాడు. పేరు కొట్టేసి పెద్దాఫీసుకు పంపాల్సిన కార్డు అందులోనే ఉంది. "రేపు పంపుదామనుకున్న" అంటూ అమ్మ చేతికిచ్చాడు. నా విశ్వాసం చేయలేని పని మున్షీ బద్ధకం చేసింది. అదీ దేవుని కార్యమేనని మా పాస్టరు అయ్యగారు తర్వాత అన్నారు. నేను ఎదురు మాట్లాడలేదు, అప్పటికే ఎక్కువ మాట్లాడి ఉన్నాను.

సిరిసిల్ల హెడ్‌మాస్టరు నాకు ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడాది జగిత్యాలలో వేరే బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం నేను లేవలేదు. సంఘంలో ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, గీసారి నిజంగనే అచ్చింది. నేను కాయిదం చూసిన, మొహర్ గూడున్నది" అంది. మందిరమంతా నవ్వింది. తల దించుకొని నేనూ నవ్వాను. అమ్మ దేవుణ్ణి నమ్మింది, కాగితం మీది మొహర్ ముద్రనూ నమ్మింది. నన్ను నమ్మడానికి మాత్రం ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పటిదాకా కార్డు వాపస్ ఇవ్వలేదు, ఇమ్మని అడిగే మొహం నాకూ లేకపోయింది.