లేని గది తలుపు

రవళికి కోపం వస్తే కుర్చీ వెనక్కి నెట్టి లేస్తుంది. పంజాగుట్టలోని మా ఆఫీసులో ఆ చప్పుడు అందరికీ తెలుసు. స్కానింగ్ సెంటర్లకు మేం చేసే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే దాన్ని గుర్తుపట్టి, రిపోర్టు అందులోకి ఎక్కించే 'డ్రైవర్' అనే ప్రోగ్రామ్ ఆమె రాసిందే.

ఆవేళ గొడవ చవక పెన్‌డ్రైవ్‌ల గురించి. వాటిని పెడితే మా కంప్యూటర్ బిగుసుకుపోతోంది. కారణం రవళే పట్టుకుంది. నీలో సమాచారం దాచే గదులు ఎన్నున్నాయని డ్రైవర్ అడిగితే, అమీర్‌పేట హాస్టల్ ఓనర్లాగా అది ఒకటి ఎక్కువే చెబుతుంది. మా డ్రైవర్ అమాయకంగా వెళ్లి ఆ లేని గది తలుపు తడుతుంది. ఇక ఉలుకూ పలుకూ ఉండదు.

మేనేజర్ జోగారావు గారికి సులువైన దారి తోచింది. "నకిలీ డ్రైవ్, వాడరాదు అని తెరమీద పడేలా చెయ్యమ్మా. ఫుట్‌పాత్ సరుక్కి మనం సేవ చెయ్యడమేంటి?"

కుర్చీ చప్పుడైంది. రవళి నాన్న ఓదెలు అమీర్‌పేట మెట్రో కింద బండి పెట్టి అమ్మేది ఆ సరుకే. ఆ సంగతి పక్క సీటువాణ్ణి కాబట్టి నాకొక్కడికే తెలుసు. తెరమీద ఆ మాట పడితే కొన్న ప్రతివాడూ వచ్చి ఆయన కాలరు పట్టుకుంటాడు. ఆ తర్వాత ఆ బండి దగ్గర ఎవడాగుతాడు?

"నకిలీ కాదు సర్. ఫోటోలు ఎక్కుతున్నయ్, పాటలు ఎక్కుతున్నయ్. లెక్క ఒక్కటి తప్పు చెప్తది, గంతే. దాని మాటకు ఆగమయ్యేది మన డ్రైవర్. సిగ్గు మనకుండాలె."

పెన్‌డ్రైవ్ పెట్టగానే అది చెప్పే చివరి గది జోలికి పోవద్దని డ్రైవర్‌కు అప్పటికప్పుడే నేర్పింది. బ్యాగులోంచి పిడికెడు పెన్‌డ్రైవ్‌లు తీసి ఆయన ముందే ఒక్కొక్కటీ పెట్టింది. అన్నిట్లోకీ రిపోర్టు ఎక్కింది.

"రేపేదైనా తేడా వస్తే?" అన్నారాయన.

మా దగ్గర ప్రతి మార్పు కిందా చేసినవాళ్లు పేరు పెట్టాలి. తేడా వస్తే అడిగేది ఆ పేరునే. ఎప్పుడూ ఉత్త రవళి అని పెట్టే మనిషి, ఈసారి రవళి ఓదెలు అని కొట్టింది.

"ఓదెలు ఎవరు?"

"మా నాయిన. గీ పెన్‌డ్రైవ్‌లు అమ్మేది ఆయనే. అడిగేటోళ్లకు ఇద్దరి పేర్లు చూపియ్యిండ్రి."

జోగారావు గారు కీబోర్డు తన వైపు లాక్కున్నారు. ఆ కిందే తన పేరూ పెట్టారు. నాకైతే లేచి ఈల వెయ్యాలనిపించింది.

మొన్న అమీర్‌పేటలో ఓదెలు దగ్గర ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. నేనెవరో ఆయనకు తెలియదు. పనిచేస్తుందా అని కావాలనే అడిగాను.

"చెయ్యకుంటే పంజాగుట్టకు వోయి మా రవళినడుగు సార్" అన్నాడు.