మూరన్నర జాగా

మా పెరట్లో ఉన్న మగ్గం షెడ్డును నేనొక్కడినే కట్టానని గద్వాలలో చాలామందికి చెప్పాను. పన్నెండు రాతి కడీలు, ఒక్కొక్కటి తొమ్మిది అడుగులది, భుజాన మోసి తెచ్చి తొమ్మిది రోజుల్లో నిలబెట్టానని చెప్పాను. కడీలు ఎనిమిదే. వాటిని మోసింది మా బామ్మర్ది, ఆయన మాట్లాడుకొచ్చిన ట్రాలీ ఆటో. నేను ముందు నడుస్తూ "పైలం, జర పైలం" అంటూ వచ్చాను. ఆ మాత్రం కూడా అక్కర్లేదని డ్రైవర్ అన్నాడు.

గొప్పలు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. చాలావాటికి సిగ్గుపడను. ఈ షెడ్డు సంగతిలో మాత్రం ఒకచోట సిగ్గుతో తల వంగిపోతుంది. అది కడీల లెక్క దగ్గర కాదు.

మాది గుంట మగ్గం. నేలలో మోకాలు దిగేంత గుంట తవ్వి, నేసే మనిషి దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి, తొక్కే చెక్కల మీదికి, వదలాలి. ఏళ్లుగా అది మా మట్టి మిద్దెలో ముందు గదిలో ఉండేది. మిద్దె పాతబడి కారడం మొదలైంది. రెండేళ్ల కింద వానాకాలంలో గుంటలోకి నీళ్లు దిగాయి. నా భార్య మడమలు మునిగే నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఒక చీర పూర్తి చేసింది. అప్పుడు పెరట్లో షెడ్డు వేద్దామని నేనే అన్నాను. ఇది నిజం. ఆమె అంతకు ముందు మూడేళ్ల నుంచి అంటూ ఉందన్నది కూడా నిజమే.

మా మగ్గం మీద ఇద్దరు పనిచేస్తారు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె నూలుకు వేరు, పట్టుకు వేరు. నేసే మనిషికి రెండు చేతులూ చాలవు. అందుకని కుడిపక్కన ఇంకో మనిషి కూర్చుని ఆ వైపు అంచు నాడె వేస్తూ, పట్టు పోగునూ నూలు పోగునూ ఒకదానిలో ఒకటి మెలేసి కలపాలి. మా ఇంట్లో ఆ కుడిపక్క మనిషి మా అక్క. రాయచూరు దిక్కున అత్తగారింట్లో భర్త పోయాక, చిన్న వయసులోనే మా ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో రోజే ఒక గోనెపట్ట, ఒక పీట తెచ్చుకుని నా కుడిపక్కన కూర్చుంది. ముప్ఫై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుంది. నా మోకాళ్లు అరిగి నేను మగ్గం దిగాక, నా జాగాలోకి నా భార్య వచ్చింది. అక్క జాగా మారలేదు.

నేను నేసే రోజుల్లో చీర కోసం వచ్చినవాళ్లు అంచు కలిసిన చోట వేలు పెట్టి రాసి చూసేవారు. "నీ చేతిలో ఏదో ఉన్నదయ్యా" అనేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ కలిపే పని నాది కాదని, పక్కన కూర్చున్న మనిషిదని ఒక్కసారి కూడా అనలేదు. అక్క ఆ మాటలు వింటూ నాడె వేసేది.

కడీలు పాన్‌గల్ దిక్కున ఒక రైతు కాకర పందిరి తీసేస్తుంటే దొరికాయి. బామ్మర్దిది అమరచింత. ఆయన కూడా మగ్గం వదిలేసిన మనిషే, ఇప్పుడు షెడ్లు, పందిళ్లు వేస్తాడు. తెల్లటి సున్నం పొడితో నేల మీద గీతలు నేనే గీశాను. అటు నాలుగు కడీలు, ఇటు నాలుగు. వెనక వరస కొంచెం లోతుగా పాతితే పై రేకుల మీద నీళ్లు అటు జారిపోతాయి. తూర్పు కొసన, రెండు వరసల నడుమ, మగ్గం గుంట. మొదట గీసిన గీత ప్రకారం గుంట సరిగ్గా నడిమధ్యన వచ్చింది. కుడిపక్క మనిషి కూర్చోవడానికి హాయిగా జాగా ఉంది.

మొదటి కడీ ఈశాన్యం మూల నిలబడాలి. దాని గుంతలో నవధాన్యాలు వేసి, పాలు పోసి, కడీకి పసుపు పూయడం ఇంటి ఆడబిడ్డ పని. భర్త పోయిన ఆడబిడ్డను అలాంటి పనికి పిలవరు. నేను ఆ పద్ధతిని పక్కకు నెట్టి మా అక్క చేత పాలు పోయించానని, అందరికీ బుద్ధి చెప్పానని, టీకొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను. అలా పోయించింది నా భార్య.

"వదినే పొయ్యాలె. ఇంటి ఆడబిడ్డ ఉండంగ ఇంకెవర్ని పిలుస్తం?" అంది.

"వద్దు పిల్లా, నలుగురు ఏమనుకుంటరో" అంది అక్క.

"ఆ నలుగురు వచ్చి మన మగ్గం నేస్తరా?"

నేనప్పుడు గొంతు సవరించుకుని పక్కింటివాళ్లు చూస్తున్నారా అని గోడ వైపు చూశాను. నేను చేసింది అంతే. అక్క కొంగు నిండుగా కప్పుకుని, వంగి, గుంతలో పాలు పోసింది. కడీ నిలబెట్టాక దాని చుట్టూ పసుపు పూసింది. చాలాసేపు పూసింది.

ఆ పాలు పోయకముందే, అదే రోజు పొద్దున, నేను ఇంకో పని చేసి ఉన్నాను. గుంట గీతను కాలితో చెరిపి, మూరన్నర పక్కకు జరిపి మళ్లీ గీశాను.

ఎందుకో చెప్పాలి. మగ్గం దిగాక నేను ఇంట్లో ఊరికే కూర్చునే మనిషినయ్యాను. గేటు దగ్గరికి వచ్చినవాళ్లు "అమ్మ ఉన్నదా?" అని అడిగేవారు. నన్ను చూసి కూడా అలాగే అడిగేవారు. షెడ్డులో నాకూ ఒక మూల కావాలనిపించింది. ఒక పెద్ద చెక్కబల్ల, గోడకు ఉలులు, రంపం, పక్కన ఒక కుర్చీ. విరిగిన నాడెలు, మగ్గం చెక్కలు బాగుచేస్తానని, ఊళ్లో మగ్గాలవాళ్లంతా నా దగ్గరికే వస్తారని లెక్కేసుకున్నాను. వర్క్‌షాప్ అని పేరు కూడా పెట్టుకున్నాను. బల్ల ఎడమపక్కన పట్టాలంటే గుంట కుడికి జరగాలి. గుంట కుడికి జరిగితే ఈశాన్యం కడీకి ఆనుతుంది. గీత గీసేటప్పుడు నాకు అక్క గుర్తురాలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. గుర్తొచ్చింది. పెద్దదైపోయింది, ఇంక ఎన్నాళ్లు కూర్చుంటుంది, పక్కన ఎలాగో సర్దుకుంటుందిలే అనుకున్నాను.

బామ్మర్ది గుంట తవ్వుతూ ఆగాడు.

"బావా, గింత పక్కకైందేంది? కడీకి ఆనుతది చూడు."

"నువ్వు తవ్వు. కొలతలు నాకు తెల్వవా?"

"నీకు తెల్వంది ఏముంది బావా. నువ్వు పుట్టేటప్పుడు మంత్రసానికి కూడ నువ్వే చెప్పి ఉంటవ్."

ఆయన తవ్వాడు. నేను నవ్వాను.

పని బాగానే సాగింది. కడీల మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాటి మీద రేకులు. ఉత్త రేకుల కింద ఎండాకాలంలో పోగు ఎండి పుటుక్కున తెగిపోతుంది, అందుకని రేకుల మీద బోద గడ్డి మందంగా పరిచాం. మూడు పక్కల నడుమెత్తు గోడ, పైన వెదురు తడకలు. నేల అలికింది నా భార్య. గోడలకు సున్నం వేసింది అక్క. బల్ల తెప్పించి, దాని వెనక నేను కుర్చీలో కూర్చుని ఫోన్లో ఫొటో తీయించుకున్నాను. ఆ ఫొటోలో మగ్గం లేదు. అప్పటికి ఇంకా బిగించలేదు.

మగ్గం ఎక్కించిన రోజున నా భార్య గుంటకు దండం పెట్టి దిగింది. అక్క తన పీట, గోనెపట్ట పట్టుకుని కుడిపక్కకు వచ్చింది. పీట వేయబోయి ఆగింది. కడీకీ గుంట అంచుకూ మధ్య జానెడు కూడా లేదు. పీటను నిలువుగా పెట్టి చూసింది, అడ్డంగా పెట్టి చూసింది. తర్వాత కడీ మీద చేయి వేసింది. పసుపు ఇంకా పోలేదు.

"కడీ మంచిగ నిలబడ్డది తమ్మీ" అంది.

పీట చంకన పెట్టుకుని అరుగు మీదికి పోయి, రాట్నం ముందు కూర్చుని, నాడెలోకి వేసే కండెలకు దారం చుట్టడం మొదలుపెట్టింది.

నా భార్య గుంటలో నుంచి నా వైపు చూసింది. "ఏమయ్యా, వదిన యాడ కూసోవాలె?"

అప్పుడు నేను అన్న మాట రాయడానికి చేయి రావడం లేదు. "మీ తమ్ముడు కొలత తప్పిండు. మూరన్నర పక్కకు తవ్విండు. నేను చెప్పిన, వినలే" అన్నాను.

బామ్మర్ది గడప దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. "అయితే తప్పు నాదే అక్కా" అని తన అక్కతో అన్నాడు. సామాన్లు సర్దుకుని అమరచింత బస్సు ఎక్కాడు.

నా భార్య అరవలేదు. గుంటలో నుంచి పైకి వచ్చి కాళ్లు దులుపుకుంది. "వదిన కూసోందే నేను నాడె ముట్ట" అంది.

నాలుగు రోజులు కొత్త షెడ్డులో మగ్గం చప్పుడు లేదు. నేను బల్ల దగ్గర కూర్చుని ఒకే నాడెకు గరుకు కాగితం రుద్దాను. పక్కింటాయన గోడ మీద నుంచి తొంగి చూసి "కొత్త షెడ్డు మూగదా ఏంది?" అన్నాడు. దారం రావాలని చెప్పాను. అరుగు మీద అక్క దారం చుడుతూనే ఉంది. కండెల బుట్ట నిండింది. తర్వాత ఒక టిఫిన్ డబ్బా నింపింది. వాడే చేయి లేని కండెలు అన్ని ఎందుకని ఎవరమూ అడగలేదు. ఆమెకు ఇంకేం చేయాలో తెలియలేదని నాకు తెలుసు. అన్నం దగ్గర కూడా ఒక ముద్ద తక్కువే తిన్నది. ఇంకొంచెం వడ్డించబోతే "సాకు, సాకు" అని చేయి అడ్డం పెట్టింది. చాలు అనడానికి ఆ రాయచూరు మాటే వస్తుంది ఆమెకు, మనసు బాగా లేనప్పుడు.

ఐదో రోజు బామ్మర్దికి ఫోన్ చేశాను.

"రా. గుంట మళ్ల తవ్వాలె."

"కొలతలు ఎవరివి?"

"నావి కావు."

ఆయన వచ్చాడు. అందరి ముందు నిలబడి గట్టిగా తప్పు ఒప్పుకున్నానని ఇక్కడ రాద్దామనుకున్నాను. నిజానికి కడీ వైపు తిరిగి సన్నగా గొణిగాను, గీత జరిపింది నేనేనని, బల్ల కోసమేనని. "ఏంది బావా, వినపళ్లే" అన్నాడు బామ్మర్ది. విన్నాడు. అయినా రెండోసారి చెప్పించాడు. రెండోసారి నా భార్య వైపు తిరిగి చెప్పాను. ఆమె నన్ను కాక బల్లను చూసింది.

బల్ల అరుగు మీదికి పోయింది. మగ్గం విప్పాం. అక్కను పిలిచి, కడీ పక్కన పీట వేసి కూర్చోమన్నాం. ఆమె కాళ్లు ఎప్పటిలాగే మడిచి, చేతులు చాపి, లేని నాడెను రెండుసార్లు విసిరి చూపించింది. ఆమె మోకాలి దగ్గర నుంచి బామ్మర్ది సున్నం గీత గీశాడు. ఆమె కూర్చున్నాక మిగిలిన జాగాలోనే గుంట తవ్వాం. తవ్వడంలో నా వంతు రెండు తట్టల మట్టి. మూడో తట్టకు మోకాలు పట్టేసింది.

సాయంత్రం పాత గుంట పూడుస్తుంటే అక్క నా పక్కన నిలబడింది.

"రెండు గీతలు గీసినవ్ గద రా. పాలు పోసేటప్పుడే చూసిన" అంది.

చేతిలో పార ఆగిపోయింది. "మరి అప్పుడే అడగకపోయినవ్?"

"అడిగితే జరుపుతవ్. అడగకుంటే ఏం చేస్తవో చూద్దామనుకున్న."

"అంత తెలిసి పాలెందుకు పోసినవ్ అక్కా?"

"పాలు కడీకి పోస్తరు తమ్మీ, నీకు పొయ్యరు" అని, మట్టిని కాలితో తొక్కి గట్టి చేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మగ్గం నడుస్తోంది. నేను అరుగు మీద నా బల్ల దగ్గర కూర్చుంటాను. ఇప్పటిదాకా బాగుచేసింది ఆ ఒక్క నాడె, ఒక కుర్చీ కాలు. షెడ్డు చూడ్డానికి ఎవరైనా వస్తే తొమ్మిది రోజుల్లో కట్టానని అలవాటుగా మొదలుపెడతాను. లోపలి నుంచి అక్క తల ఎత్తకుండా "పదిహేడు" అంటుంది. నేను పదిహేడు అని దిద్దుకుంటాను.

మొన్న గోపాల్‌పేట నుంచి ఒకాయన తన కూతురికి చీర కోసం వచ్చాడు. పాతికేళ్ల కింద నా దగ్గర చీర తీసుకున్న మనిషే. అంచు కలిసిన చోట వేలితో రాసి చూసి, "నువ్వు మగ్గం దిగినా నీ చెయ్యి ఏడికీ పోలేదయ్యా" అన్నాడు.

"అది నా చెయ్యి కాదు. మా అక్కది. మీరు అప్పుడు కొన్న చీర మీద కూడ ఆమెదే" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నీ మాటలు నాకు కొత్తనా?" అని నా భుజం తట్టాడు. నిజమేనని మళ్లీ చెప్పాను. ఇంకా నవ్వాడు.

నేను షెడ్డులోకి చూశాను. కడీ పక్కన పీట మీద అక్క కూర్చుని ఉంది. మా మాటలు వినబడే ఉంటాయి. నా భార్య చెక్క తొక్కింది, అక్క నాడె వేసింది.