మూడో దినం, మూతెడు బ్రాందీ

మా వైపు మనిషి పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవన్నీ సమాధి దగ్గర పెడతారు. మా నాయనకు పెట్టినవి కొర్రన్నం, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఒక బీడీ కట్ట, ఒక క్వార్టరు బ్రాందీ. సీసా మూత నిండా పోసి మొదట సమాధి మీద చల్లుతారు. రెండో మూత పెద్దకొడుకు తాగాలి. ఆ తర్వాతే అందరూ పక్కకు జరిగి కాకి కోసం చూస్తారు. దాన్ని మావాళ్లు తాగడం అనరు, ప్రసాదం అంటారు.

ఆ ప్రసాదంతోనే నేను ఒకసారి మునిగాను. మొదటిసారి మందు మాన్పించే ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు నెలలు గట్టిగా ఉన్నాను. మా పెదనాయనకు కొడుకుల్లేరు, ఆయన మూడో దినం నాడు ఎవరో నాకే మూత అందించారు. ప్రసాదమే కదా అని పుచ్చుకున్నాను. సాయంత్రానికల్లా ఎమ్మిగనూరులో వైన్‌షాపు ముందున్నాను, పది రోజులు ఇంటి గడప తొక్కలేదు. మా పాప బడిలో వాళ్ల నాయన చచ్చిపోయాడని చెప్పిందట. అది తెలిశాక కూడా తాగాను. సిగ్గు మనిషిని ఆపుతుందనేవాళ్లు తాగి చూడనివాళ్లే.

రెండోసారి చేరినప్పుడు డాక్టరు, వైద్యం ఈ గేటు దగ్గర అయిపోదు, బయటే మొదలవుతుంది అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోని పోతాను. అక్కడ ఒక బడి గదిలో, మోకాళ్లు పట్టని పిల్లల బెంచీల మీద మాలాంటివాళ్లం పదిమందిమి కూర్చుంటాం. మాట మొదలుపెట్టే ముందు ఎవరికివారు "నేను తాగుబోతును" అనాలి. మొదటి రోజు ఆ మాట నా నోట్లోంచి ఊడిరాలేదు.

అక్కడే నాకు ఒక అన్న దొరికాడు. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. చుక్క ముట్టక పన్నెండేళ్లు. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

"నీ మింద నాకు నమ్మకం లేదప్పా. నా మింద గూడా లేదు. అందుకే వారం వారం వస్తాండాను" అన్నాడు.

నాయన పోయినప్పుడు చుట్టాలకంటే ముందు ఆయనకే ఫోన్ చేశాను. మూడో దినం తలుచుకుంటేనే భయమేస్తోందని చెప్పాను. పత్తి సీజను, అయినా మిల్లుకు సెలవు పెట్టి రెండు బస్సులు మారి, గోనెగండ్ల అవతల ఉన్న మా ఊరికి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా సమాధి దగ్గర నా పక్కనే కూర్చున్నాడు.

మా చిన్నాయన మూత నింపి నా ముందు పెట్టాడు. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. నాయన పోయిన బాధ ఎటు పోయిందో తెలియదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"తీస్కోరా. ఇది మందు గాదు, మీ నాయన ప్రసాదం."

"నాకొద్దు సిన్నాయనా."

నేను ముట్టకుండానే అందరూ పక్కకు జరిగారు. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. పెద్దకొడుకు ముట్టలేదని నాయన అలిగినాడని వెనక ఎవరో గొణిగారు. చిన్నాయన మళ్లీ మూత పట్టుకొచ్చాడు. నా చెయ్యి లేచింది.

అన్న నా చెయ్యి పట్టుకోలేదు. "ఆదివారం ఆడ ఏం సెప్తావో, అదే ఈడ సెప్పు" అన్నాడు చిన్నగా.

లేచి నిలబడ్డాను. మా వంశమంతా ఉంది. "నేను తాగుబోతును. ఈ మూతెడు తాగితే నేను మళ్లీ ఇంటికి పోను" అన్నాను.

"అయితే మీ నాయన ఆకలితో పోవాల్నా?" అన్నాడు చిన్నాయన.

ఆడవాళ్లలో కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. "పోనీలేప్పా, ఒక పూట పస్తుంటాడు. ఆయప్ప తాగొచ్చి కూటికుండ తన్నిన దినాల్లో నేనూ నా బిడ్డా ఎన్ని పస్తులున్న్యామో ఏ కాకి అడిగింది?" అని, చిన్నాయన చేతిలోని మూత తీసుకుని మట్టిలో ఒంపేసింది.

నాయన గురించి అమ్మ నలుగురిలో అలా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. పక్కన ఆ అన్న కూడా ఏడుస్తున్నాడు.