తక్కెడ తిప్పి తెచ్చిన విమానం

ఆ ఇంట్లో విమానం నడిపే మనిషి జీతం కంటే బస్సు నడిపే మనిషి జీతం ఎక్కువ. ఈ మాట చెబితే వీధిలో ఒక్కరూ నమ్మేవారు కాదు. భుజాల మీద బంగారు రంగు పట్టీలతో, తెల్లచొక్కా నలగకుండా మెట్లు దిగే ఆ పిల్లని చూసి "వాళ్ళకేం తక్కువ, గాల్లో సంపాదన" అని మూతి తిప్పుకునేవారు. ఆ తెల్లచొక్కాలు ఉన్నవి రెండేనని, ఒకటి తీగ మీద ఆరుతుంటే రెండోది ఒంటి మీద ఉంటుందని వాళ్ళకేం తెలుసు? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు.

బస్సు నడిపేది అన్న. ఇరవై రెండేళ్ళుగా ఒకే డిపో, ఒకే రూటు. విమానం నడిపేది చెల్లెలు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళ తేడా. అమ్మానాన్నలు పోయేనాటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. పెంచింది అన్నావదినలే. ఆ పిల్లకి తక్కెడ అనే పేరు పెట్టింది వదినే. ఏ రెండు వస్తువులు ముందు పెట్టినా చెరో చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఇటూ కాసేపు అటూ ఒరిగితే గానీ తేల్చేది కాదు. పెన్సిళ్ళకైనా అంతే, జడ రిబ్బన్లకైనా అంతే. చెప్పుల కొట్టాయన ఒకసారి ఓపిక నశించి, "తల్లీ, ఇంటికెళ్ళి తేల్చుకుని రేపు రామ్మా, కొట్టు ఎక్కడికీ పోదు" అన్నాడు.

అన్న బస్సుకి చివరి స్టాపు పైలట్ల స్కూలు గేటు. అక్కడ బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. సెలవు రోజుల్లో ఇంట్లో అల్లరి పడలేక వదిన ఆ పిల్లని బస్సెక్కించి పంపేసేది. అన్న టీ తాగి వచ్చేసరికి ఈవిడ కంచెకి ముఖం ఆనించి నిలబడి ఉండేది, బుగ్గల మీద తీగల అచ్చులు పడేదాకా. రెండు చేతులూ ఊపకుండా, ఒరగకుండా ఆ పిల్ల తేల్చుకున్న విషయం జన్మలో అదొక్కటే. పైలట్ని అవుతానని పన్నెండో ఏట తేల్చుకుంది, మరి మార్చుకోలేదు.

ఆ చదువు మాటలతో అయ్యేది కాదు. అన్న అప్పు తెచ్చి, అది తీర్చడానికి ఆరేళ్ళుగా వారానికి నాలుగు డబుల్ డ్యూటీలు చేస్తూనే ఉన్నాడు. పొద్దున ఎక్కిన సీటు రాత్రి దిగేవాడు. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు, కూర్చుని కూర్చుని నడుం, రెండూ అరిగిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే ముందు బల్ల పట్టుకుని ఒక మూలుగు మూలిగి అప్పుడు లేచేవాడు. ఆ మూలుగు విన్నప్పుడల్లా తక్కెడ పుస్తకంలోకి ఇంకా తల వంచేది.

చదువు పూర్తయ్యాక అదే స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అక్కడో తిరకాసు ఉంది. మాస్టర్లకి జీతం ఇంజన్ తిరిగినంతసేపే. ముందున్న మీటరు తిరిగితేనే డబ్బు, తిరిగితేనే అనుభవం కింద గంటల లెక్క. అందుకని మిగతా మాస్టర్లు శిష్యుడు బెల్టు పెట్టుకున్నాడో లేదో, ఇంజన్ స్టార్టు చేసేవారు. మన తక్కెడ మాత్రం ఆగి ఉన్న విమానం నీడలో శిష్యుణ్ణి కూర్చోబెట్టి, సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, వాడికి బుర్రకెక్కేదాకా ముప్పావుగంట చెప్పేది. ఆ ముప్పావుగంటకి పైసా రాదు.

"నీకు పిచ్చా? పైకెళ్ళి చెప్పొచ్చుగా అదంతా" అనేవారు తోటివాళ్ళు.

"పైన భయపడుతూ వింటాడు, కింద నవ్వుతూ వింటాడు. నవ్వుతూ విన్నదే గుర్తుంటుంది" అనేది.

తోటివాళ్ళు ఏడాదిన్నరలో పోగేసిన గంటలకి ఆమెకి మూడేళ్ళు పట్టింది. ఒక్కొక్కరే పెద్ద కొలువులకి వెళ్ళిపోతుంటే చేయి ఊపి పంపించింది. కానీ ఆ మూడేళ్ళలో ఆమె చేతికింద ఒక్క శిష్యుడూ పరీక్ష తప్పలేదు, ఒక్క విమానానికీ గీత పడలేదు. ఆ స్కూల్లో ఆ మాట చెప్పుకోగల మాస్టరు ఇంకొకరు లేరు.

ఇరవై ఆరో ఏట, ఉద్యోగం ఇస్తామంటూ ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. వచ్చే శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ చేరారు. అన్న కళ్ళజోడు పెట్టుకుని, డిపోలో డ్యూటీ చార్టు చూసినట్టు ఆ కాయితాలు చూశాడు.

"ముందు ఈ పెద్దది చెప్పు. ఎవర్ని ఎక్కించుకుంటారు?"

"బాగా డబ్బున్నవాళ్ళని. చిన్న జెట్టు అన్నయ్యా. ఫోన్ చేస్తే రెండు గంటల్లో రెడీగా ఉండాలి."

"వీక్లీ ఆఫ్?"

"ఉంటుందంటారు. ఎప్పుడని మాత్రం చెప్పరు."

"అంటే లేదు" అన్నాడు అన్న. "జీతం?"

ఆమె చెప్పింది. వదిన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అన్న జీతానికి అది రెండింతలు.

రెండో ఉత్తరం పన్నెండు సీట్ల పంకా విమానాలు నడిపే చిన్న కంపెనీది. కొండల అవతలి ఊళ్ళకి మనుషుల్ని, మందుల్ని మోస్తుంది. నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు, రోజూ ఇంట్లోనే పడక. ప్రయాణికుల్ని తూచడం, సామాను సర్దడం కూడా పైలట్ పనే. ఏడాది బాగా చేస్తే ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, ఇస్తారు. జీతం మాత్రం అన్న జీతం కంటే ఇంకా కాస్త తక్కువే.

"ఇందులో ఆలోచించడానికేముంది? ఆ పెద్దదానికి వెళ్తే మీ అన్నయ్య రేపట్నుంచి డబుల్ డ్యూటీలు మానేయొచ్చు" అంది వదిన. ఆవిడ మాటలో దురాశ లేదు. రోజూ ఆ నడుముకి వేడినీళ్ళ కాపడం పెట్టేది ఆవిడే.

తక్కెడ రెండు కాయితాలూ చెరో చేత్తో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ ఎటూ ఒరగలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అన్నకి ఆ ముఖంలో కనిపించింది. తన నడుమే ఆ పిల్ల మెడకి బరువైందని తెలిసి, ఆయనకి సిగ్గూ జాలీ ఒక్కసారే కలిగాయి.

"సరే గానీ, ఒక్క మాట చెప్పు" అన్నాడు. "బండి బాలేదు, దారి బాలేదు, నేను తియ్యను అన్నావనుకో. ఏమంటారు?"

ఈ ప్రశ్న ఆయనకి ఊరికే రాలేదు. పదకొండేళ్ళ కింద ఒకరోజు బ్రేకు మెత్తగా ఉందని చెబితే, డిపో కంట్రోలరు "ఒక్క ట్రిప్పే కదా, లాగించెయ్" అన్నాడు. లాగించాడు. ఆసుపత్రి దగ్గరి పల్లంలో బ్రేకు పట్టలేదు. చేతి బ్రేకు గుంజి, పళ్ళు బిగించి ఆపితే, రోడ్డు దాటుతున్న ఒక ముసలావిడకి మూడు జానల దూరంలో ఆగింది. ఆవిడ చూడను కూడా చూడలేదు, తన దారిన తాను వెళ్ళిపోయింది. ఆ సంగతి అన్న భార్యకి కూడా చెప్పలేదు.

తక్కెడ కళ్ళు తెరిచింది.

"జెట్టు వాళ్ళు చూసుకోమని రెండు రోజులు వెనక కూర్చోబెట్టారన్నయ్యా. రెండో రోజు దారంతా మబ్బు పట్టింది. కెప్టెన్ పదిహేనేళ్ళ అనుభవం ఉన్నాయన. ఓ గంట ఆగుదామన్నాడు. ఎక్కినాయనకి తొందరట. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వెళ్ళాం."

"ఏం కాలేదు కదా?" అంది వదిన.

"ఏం కాలేదు వదినా. దిగాక కూడా ఆయన చేతులు వణుకుతున్నాయి, అంతే. తియ్యనంటే ఏమంటారని అడిగాను. ఏమీ అనరమ్మా, ఇంకోసారి పిలవరు అన్నాడు."

"మరి ఈ చిన్నవాళ్ళు?"

"వీళ్ళకో పద్ధతుంది. ఎవరైనా సగం దారిలోంచి వెనక్కి తిప్పుకొస్తే, ముందు టీ ఇస్తారట. ఆ టీ తాగేదాకా ఎందుకొచ్చావని ఎవరూ అడగకూడదట, ఓనరైనా సరే."

అన్న కళ్ళజోడు తీసి మడిచాడు. "అయితే చిన్నదానికే వెళ్ళు."

"మీ నడుం సంగతి?" వదినకి కోపం ముంచుకొచ్చింది.

"నడుం నాది, నొప్పీ నాదే. ఇంకో రెండేళ్ళు మొయ్యలేకపోదు" అన్నాడాయన, బల్ల పట్టుకుని లేస్తూ. ఆ లేవడంలో మూలుగు రాకుండా పళ్ళబిగువున ఆపుకున్నాడు. అది కనిపెట్టి తక్కెడ బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన కోపం పక్కనబెట్టి వీపు నిమిరింది.

చిన్న కంపెనీలో ఆమె ఎలా పనిచేసిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ఏడాదికి ఇస్తామన్న ఎడమ సీటు పది నెలలకే ఇచ్చారు. అడిగి తీసుకున్నది కాదు. సెలవున్న మూడు రోజుల్లో రెండు రోజులు పాత స్కూలుకి పోయి, నీడలో కూర్చుని సుద్దముక్క పాఠాలు చెప్పి, ఆ వచ్చే డబ్బు వదిన చేతిలో పెట్టేది. అన్న డబుల్ డ్యూటీలు నాలుగు నుంచి రెండుకి దిగాయి.

ఎడమ సీటు వచ్చిన నెలకి అన్నని విమానం ఎక్కమంది. పొద్దున ఏడింటికి బయల్దేరి, కొండ అవతల ఊరు చూసి, పదకొండుకి వెనక్కి. ఆయన డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. నలభై ఐదేళ్ళ మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు. రాత్రంతా నిద్రపోలేదు గానీ ఆ మాట ఒప్పుకోలేదు.

విమానాశ్రయంలో అందరి ముందూ చెల్లెలు ఆయన్ని తూకం యంత్రం మీద నిలబెట్టింది. ఆయన బరువు తగ్గుతుందని చెప్పులు విప్పబోయాడు.

"ఉంచుకో అన్నయ్యా, చెప్పులు కూడా విమానం ఎక్కుతాయిగా" అంది. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. అంకె చూసి, "నువ్వు వెనక వరస" అంది. ఇంట్లో గారాలు పోయే పిల్ల, ఇక్కడ పెట్టెలు ఎత్తి, తలుపు రెండుసార్లు గుంజి చూసి, ప్రతివాళ్ళ బెల్టూ వేలితో తట్టి చూసి ముందుకెళ్ళి కూర్చుంది. అన్న ఛాతీ ఎంత ఉబ్బిందంటే ఆ బెల్టు కాస్త వదులు చేసుకోవలసి వచ్చింది.

ఇరవై ఐదు నిమిషాలు హాయిగా వెళ్ళారు. తర్వాత కొండల సందు కనబడవలసిన చోట తెల్లటి గోడ కనబడింది. అన్న దాని వంకే చూస్తూ సీటు గట్టిగా పట్టుకున్నాడు. తెలియకుండానే కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. అంతలో విమానం ఒక పక్కకి మెల్లిగా ఒరిగి, సూర్యుడు ఇటు కిటికీలోంచి అటు కిటికీలోకి మారాడు. వెనక్కి తిరిగింది.

దిగాక ప్రయాణికులు ఊరుకోలేదు. "సగం దూరం వెళ్ళి తిప్పడమేమిటి?", "చేతకానివాళ్ళకి ఇస్తే ఇంతే", "నా పనంతా పాడైంది". తక్కెడ ఆఫీసులోకి తప్పుకోలేదు. మెట్ల కింద నిలబడింది.

"తిప్పింది నేనేనండీ. మబ్బు విడితే మళ్ళీ వెళ్దాం. అందాకా తిట్టాలనుకుంటే నన్నే తిట్టండి, ఇక్కడే ఉంటాను."

తిట్టారు. చివరి మనిషి తిట్టేదాకా ఉంది. ఆ తర్వాత లోపలికొస్తే కౌంటరులో ఉన్న పెద్దావిడ ఆమె ముందు టీ పెట్టింది. అన్న ఆత్రం ఆపుకోలేక "ఏమైందే?" అనబోతే, ఆ పెద్దావిడ పెదాల మీద వేలు పెట్టి, "ముందు తాగనివ్వండి" అంది. అన్న నోరు మూసుకుని చెల్లెల్నే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చేతులు వణకడం లేదు.

మబ్బు విడేసరికి ఒంటిగంటయ్యేలా ఉంది. ఆయనకి డ్యూటీ టైము. కొండ అవతల ఊరు చూడకుండానే డిపోకి వెళ్ళిపోయాడు.

రెండింటికి తనకిచ్చిన బండి ఎక్కి, డిపో గేటు దాకా తెచ్చి, అలవాటుగా బ్రేకు తొక్కాడు. మెత్తగా దిగింది. ఇంకోసారి తొక్కాడు. అంతే. బండి అక్కడే ఆపి, తాళంచెవి తెచ్చి కంట్రోలరు బల్ల మీద పెట్టాడు.

"ఇది తియ్యను. బ్రేకు పట్టడం లేదు."

"ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేనిది ఇవాళేం పుట్టింది నీకు? ఒక్క ట్రిప్పే కదా!"

"ఒక్క ట్రిప్పే."

"వేరే బండి లేదు. బయట నలభై మంది ఉన్నారు. వాళ్ళకేం చెప్పమంటావ్?"

"నన్ను తిట్టమనండి. ఇక్కడే ఉంటా."

నలభై మందీ తిట్టారు. ఆయన బస్సు పక్కనే నిలబడి విన్నాడు. మెకానిక్ వచ్చి చూసి, చక్రం దగ్గర కారిపోయిన ఆయిలు తుడుచుకుంటూ లేచాడు. కంట్రోలరు మాత్రం మెమో రాసి చేతికిచ్చి, ఇంటికి పొమ్మన్నాడు.

నాలుగున్నరకల్లా మొగుడు ఇంటికి రావడం చూసి వదిన చేతిలో పని వదిలేసింది. "ఏమైందండీ? నడుమా?" అంటూ ఎదురొచ్చింది. తక్కెడ అప్పుడే కొండ అవతలికి వెళ్ళొచ్చి తెల్లచొక్కా ఉతుక్కుంటోంది.

అన్న కుర్చీలో కూలబడి, మెమో బల్ల మీద పెట్టాడు. "ఇవాళ నేనూ వెనక్కొచ్చానే" అన్నాడు చెల్లెలితో.

వదిన మళ్ళీ అడగబోయింది. తక్కెడ సబ్బు చేతులతోనే ఆవిడ భుజం పట్టుకుని ఆపింది. ఆ కాయితం వంక చూడలేదు, ఒక్క మాటా అడగలేదు. చేతులు కడుక్కుని, పొయ్యి వెలిగించి, అన్నయ్యకి టీ పెట్టింది.